ఫోన్ల పోటీలో మన హోసూరు

(ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏడాది దరఖాస్తుల పరిశీలనలో నేనూ కూర్చున్నాను. చాలామంది తల్లిదండ్రులు ఒకే ప్రశ్న వేశారు. "అయ్యా, ప్లస్ టూ కాగానే మా అమ్మాయికి ఫోన్ల ఫ్యాక్టరీలో పని దొరుకుతుందంటున్నారు. బస్సు, హాస్టలు, భోజనం వాళ్ళే చూస్తారట. ఇంకా చదివించడం అవసరమా?" సిప్‌కాట్‌లో ముప్పై ఏళ్ళు టూల్ రూములో పనిచేసినవాణ్ణి గనుక నాకు తోచిన జవాబు చెబుతాను. దానికి ముందు ఈ ఫోన్ల వ్యాపారం ఎలా నడుస్తుందో కొంచెం తెలుసుకోవాలి.

ఐఫోను అమ్మేది యాపిల్ కంపెనీ. కానీ ఆ ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలు దానివి కావు. డిజైను, సాఫ్ట్‌వేరు, పేరు మాత్రం తన దగ్గర ఉంచుకుంది. చిప్పు తైవాన్‌లో తయారవుతుంది, కెమెరా సెన్సారు జపాన్‌కు చెందిన సోనీ కంపెనీది. బిగించే పనిని ఫాక్స్‌కాన్, పెగాట్రాన్ వంటి కంపెనీలకు కాంట్రాక్టుకు ఇస్తుంది. లోకంలో అమ్ముడయ్యే ఫోన్లలో యాపిల్ వాటా సుమారు ఐదో వంతే. లాభంలో మాత్రం పెద్ద భాగం దానిదే. బిగించేవారికి మిగిలేది చాలా తక్కువ. పైగా యాపిల్ ఒకే పనిని ఇద్దరు ముగ్గురికి పంచుతుంది. ఒకరు ధర పెంచితే ఇంకొకరు సిద్ధంగా ఉంటారు. సంతలో ఒకే అంగడిని నమ్ముకోని గడుసు గిరాకీ వంటిదన్నమాట.

ఆ పోటీయే మన జిల్లాకు వచ్చింది. 2018లో దిగుమతి ఫోన్లపై సుంకం 20 శాతానికి పెరిగింది. 2020లో ఇక్కడ తయారుచేసేవారికి కేంద్రం ప్రోత్సాహకాలు ప్రకటించింది. అమెరికా, చైనాల మధ్య సుంకాల తగవు ఒకవైపు, కరోనా కాలంలో చైనా ఫ్యాక్టరీలు మూతపడడం మరొకవైపు; అంతా ఒకేచోట పెట్టుకోవడం ప్రమాదమని యాపిల్‌కు తెలిసివచ్చింది. టాటా ఎలక్ట్రానిక్స్ హోసూరు దగ్గర ఐఫోను లోహపు తొడుగులు చేయడం మొదలుపెట్టింది. 2023లో కోలారు జిల్లా నరసాపురలోని విస్ట్రాన్ ఫ్యాక్టరీని కొన్నది. 2025 జనవరిలో పెగాట్రాన్ భారతీయ విభాగంలో 60 శాతం వాటా తీసుకుంది. ఆ ఏడాదే హోసూరులో ఫోన్లు బిగించడం కూడా ఆరంభించింది.

సంతోషించవలసిన విషయమే, కాదనను. అయితే శ్రీపెరుంబుదూరును మరచిపోకూడదు. అక్కడ 2006లో నోకియా ఫ్యాక్టరీ వచ్చింది. ఒక దశలో సుమారు 8,000 మంది పనిచేశారు, చాలామంది పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. అప్పుడు మన దేశంలో ఎవరి జేబులో చూసినా నోకియాయే. 2007లో ఐఫోను, 2008లో ఆండ్రాయిడ్ వచ్చాయి. నోకియా తన పాత సాఫ్ట్‌వేరును పట్టుకుని కూర్చుంది, 2011లో మైక్రోసాఫ్ట్‌తో చేతులు కలిపింది, చివరకు ఫోన్ల వ్యాపారాన్ని దానికే అమ్మేసింది. పన్ను వివాదం వల్ల శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీ ఆ అమ్మకంలో చేరలేదు. 2014 నవంబరు 1న పని ఆగిపోయింది. ఆ పిల్లలు చేసిన పనిలో లోపమేమీ లేదు. తప్పటడుగు ఎక్కడో ఫిన్లాండ్‌లో పడింది.

మన ఊళ్ళోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1980లలో టైటాన్ హోసూరులో క్వార్ట్జ్ గడియారాలు మొదలుపెట్టినప్పుడు బెంగళూరు హెచ్.ఎం.టి.కి ఎదురులేదు. తాళం తిప్పే గడియారాల నుంచి హెచ్.ఎం.టి. వేళకు మారలేకపోయింది. 2016లో దాని గడియారాల విభాగం మూసివేతకు కేంద్రం అనుమతి ఇచ్చింది. నాకు తెలిసినంతలో కంపెనీలు మారినా చేతిలో పని ఉన్నవాడికి హోసూరులో కూలి కరువు రాలేదు. సి.ఎన్.సి. యంత్రం సెట్ చేసేవాడు, అచ్చులు చేసేవాడు, మైక్రాన్ల లెక్కన కొలిచేవాడు గడియారాల నుంచి మోటారు సైకిళ్ళకు, అక్కడి నుంచి ఫోను తొడుగులకు వెళ్ళగలడు. స్క్రూ బిగించడం ఒక్కటే తెలిసినవారు ఆ లైను ఆగితే ఇంటికి రావాలి.

కాబట్టి అమ్మా, మీ అమ్మాయిని పనికి పంపవద్దని నేను అనను. ఇంట్లో అప్పు ఉంటే ఆ జీతం విలువ నాకు తెలుసు. చేరేముందు రెండు సంగతులు అడగండి. పని లైనులోనా, యంత్రాల మీదనా? నేర్పించేది ఏమిటి, దానికి సర్టిఫికెట్ ఇస్తారా? చదువు వైపు వెళ్ళే పిల్లలకు హోసూరులో ప్రభుత్వ ఐ.టి.ఐ., బర్గూరులో ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. తగిన సబ్జెక్టులతో ప్లస్ టూ పాసైనవారు పాలిటెక్నిక్‌లో నేరుగా రెండో సంవత్సరంలో చేరవచ్చు. అంటే మీరు భయపడుతున్న మూడేళ్ళు కాదు, రెండేళ్ళే. డిప్లొమా తర్వాత ఇంజనీరింగ్‌లోనూ అలాగే చేరే దారి ఉంది.

ఇంకొక్క మాట. ఉద్యోగం చేస్తూ చదువుకునే పిల్లల దరఖాస్తులను "జీతం వస్తోంది గదా" అని పక్కన పెడుతున్నాం. వారికి ఫీజు వరకైనా ఇవ్వాలని ట్రస్టు పెద్దలను కోరాను. వచ్చే సమావేశంలో చర్చకు పెడతామన్నారు. అటువంటి పిల్లలు మీ ఇళ్ళలో ఉంటే ఈరోజు వెళ్ళేముందు పేరు, చదువు, షిఫ్టు వేళలు కార్యదర్శిగారి దగ్గర రాయించండి.