అచ్చు తప్పా, దెబ్బ తిన్నదా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ముప్పై ఏళ్ళుగా ప్రెస్సులు, డైల మధ్య బతుకుతున్నవాణ్ణి. "నీకు తెలిసిందే చెప్పు" అన్నారు నిర్వాహకులు. అందుకే జేబులోని రూపాయి గురించి చెబుతాను.

పోయిన ఉగాదికి రాప్తాడు వచ్చినప్పుడు, నాతో పదో తరగతి చదివిన మిత్రుడొకడు స్టీలు రూపాయి తెచ్చి చూపించాడు. వాళ్ళ నాయన పోయాక ట్రంకుపెట్టెలో దొరికిందట. సింహాల బొమ్మ మీద రెండో వైపు అంకె, అక్షరాలు అద్దంలో లాగా తిరగబడి, గుంటలు పడి ఉన్నాయి. ఎవరో ఫోన్లో దీనికి లక్షలొస్తాయని ఆశపెట్టి, రిజిస్ట్రేషన్ అని ఒకసారి, పన్ను అని ఇంకోసారి శెనక్కాయలమ్మిన డబ్బు కట్టించుకున్నారు. మూడోసారి కట్టబోతూ నా దగ్గరికొచ్చాడు. వాడి అనుమతితోనే ఇది చెబుతున్నాను.

టంకశాలలో పని మూడు మెట్లు. లోహపు రేకు నుంచి గుండ్రటి బిళ్ళలు కోస్తారు. వాటి అంచు ఎత్తుతారు. ఉక్కు వలయంలో పెట్టి, రెండు అచ్చుల మధ్య కొడతారు. ఇక్కడ జరిగిన పొరపాటే అచ్చు తప్పు. గడప దాటాక జరిగిందంతా దెబ్బే.

ఒక్కోసారి కొట్టిన నాణెం పై అచ్చుకే అతుక్కుపోతుంది. తర్వాతి బిళ్ళకు కింద బొమ్మ మామూలుగా పడుతుంది. పైన అదే బొమ్మ తిరగబడి, గుంటగా పడుతుంది. సేకర్తలు దీన్ని 'లఖీ' అంటారు. అసలు లఖీలో రెండు వైపులా ఒకే బొమ్మ. మావాడి నాణెంలో తిరగబడ్డ అంకె కింద చదునైన సింహాలు ఇంకా కనబడుతున్నాయి. అంటే అది సరిగ్గా తయారై బయటికొచ్చాక, ఎవరో ఇంకో నాణెంతో కలిపి వైసులో బిగించారు.

మరికొన్ని గుర్తులు. అంచు తెగిన బిళ్ళ నిజమైతే, సాధారణంగా తెగిన చోటుకు సరిగ్గా ఎదుటి అంచు కూడా పలచగా ఉంటుంది. ఆకురాయితో రుద్దినదైతే ఎదుటి అంచు నిక్షేపంగా ఉండి, తెగిన చోట గీతలుంటాయి. పది రూపాయల నాణెంలో నడిమి బిళ్ళ పక్కకు జరిగినా, బొమ్మ గీతలు బిళ్ళ నుంచి వలయం మీదికి తెగకుండా సాగితే అది టంకశాల తప్పు. గీతలు విరిగితే సుత్తి పని. 1992లో వచ్చిన స్టీలు రూపాయి బరువు 4.85 గ్రాములు. బరువు బాగా తగ్గి, అక్షరాలన్నీ మసకబారి ఉంటే యాసిడ్‌ను అనుమానించండి. ఇక సంవత్సరం కింద నక్షత్రం అసలు తప్పే కాదు, అది మన హైదరాబాదు టంకశాల గుర్తు.

పాత నోట్లు, నాణేల కోసం తాము ఏ రుసుమూ అడగమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. ఆ మాట మా వాడిదాకా రాలేదు.

భూతద్దం చేతికిచ్చి నేను చెప్పిందంతా చూపించాను. చాలాసేపు చూశాడు. "డబ్బు పోతే పోనీరా. మరి మా నాయన దీన్నెందుకు దాచిపెట్టినాడు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. నాణెం తనకేం జరిగిందో చెబుతుందిగానీ, దాచుకున్నవాడి మనసు చెప్పదు. మూడోసారి డబ్బు మాత్రం కట్టలేదు. రూపాయిని మళ్ళీ ఆ పెట్టెలోనే పెట్టుకున్నాడు.

గురువులకు ఒక్క మనవి. సైన్సు క్లాసులో ఒక భూతద్దం, పిడికెడు చిల్లర పిల్లల ముందు పెట్టండి. ఎవరో చెప్పారని కాక, తామే చూసి తేల్చుకోవడం అలవాటైతే చాలు. ఈ బడి నాకు నేర్పిందీ అదే.