మిరుగం దాచిన చుక్క

చుక్కలు చూపించడం కూడా పాఠంలో భాగమేనని నమ్మిన ఒక ఉపాధ్యాయుని స్మృతిలో మాట్లాడుతున్నాను. అందుకని మన ఇళ్లలో రోజూ వినబడే రెండు మాటలనే తీసుకుంటాను: కార్తె, పున్నమి.

జూన్ 7, 8 తేదీల్లో మిరుగం, అంటే మృగశిర కార్తె, వస్తుంది. చేపల కూర వండుకుంటాం. దుక్కి దున్నిన రైతు మొగులు వైపు చూస్తాడు. ఆనాడు సూర్యుడు మృగశిర ఉన్న దిక్కుకు చేరుతాడు. కాబట్టి మిరుగం కార్తెలో మృగశిర మన కంటికి ఆనదు, సూర్యుని వెలుగులో కలిసిపోతుంది. ఒక్కో నక్షత్రం దగ్గర ఒక కార్తె, అంటే 13, 14 రోజుల చొప్పున, 27 నక్షత్రాలూ దాటేసరికి సూర్యునికి ఏడాది పడుతుంది. ఆరు నెలలకు ఆయన ఎదురు దిక్కున ఉంటాడు. అప్పుడు పొద్దుగూకాక మృగశిర తూర్పున పొడుస్తుంది. పున్నమి చంద్రుడు దాని దాపునే ఉంటాడు. అందుకే అది మార్గశిర మాసం. జూన్‌లో సూర్యుడు దాచిన చుక్కను డిసెంబరులో చంద్రుడు చూపిస్తాడు. పిల్లలు జాజిరి ఆడే కాముని పున్నమికి చంద్రుడు సింహం తోక దగ్గర, ఉత్తర ఫల్గుని దాపుల్లో ఉంటాడు. అది ఫాల్గుణం. మన పన్నెండు నెలల పేర్లూ ఇలా పున్నమి రాత్రులు ఆకాశాన్ని చూసి పెట్టినవే.

ఇంత లెక్కను చదువురాని ఇంట్లో కూడా నిలబెట్టింది కథ. ఆ 27 నక్షత్రాలూ దక్షుని కూతుళ్లు, చంద్రుని భార్యలు. రోహిణి మీదే మక్కువ చూపాడని మామ శపించాడు, అందుకే క్షీణించి మళ్లీ పెరుగుతాడన్నారు. మృగశిర దగ్గర వరుసగా కనిపించే మూడు చుక్కలు, లేడి రూపం ధరించిన ప్రజాపతి మీద రుద్రుడు వేసిన బాణమని ఐతరేయ బ్రాహ్మణం చెబుతుంది. ఆ మూడు చుక్కలూ, మృగశిరా ఉన్న గుంపే గ్రీకులకు ఓరియన్ అనే వేటగాడు. అతన్ని తేలు కుట్టి చంపిందట. నిజంగానే వృశ్చికం తూర్పున పైకొచ్చే వేళకు ఆ వేటగాడు పడమట దిగిపోతాడు.

ఇక వృశ్చికం లాంటి రాశుల మాట: మన పాత ఖగోళ గ్రంథమైన వేదాంగ జ్యోతిషంలో నక్షత్రాలున్నాయి, మేషాది రాశులు లేవు. అవి బాబిలోన్‌లో రూపుదిద్దుకుని గ్రీకుల ద్వారా మనకు చేరాయి. రాశికి రెండుంబావు నక్షత్రాల చొప్పున సర్ది మనవాళ్లు రెండు లెక్కలనూ ఒకటి చేశారు. మన చేర్యాల నకాషీ పటాన్ని కథకుడు ఒక్కో గడీ విప్పుతూ కథ చెప్పినట్టు, రాశిచక్రం ఏడాది పొడవునా రాత్రి రాత్రికీ కొంత కొంత విచ్చుకుంటుంది.

ఆ చుక్కలను కొలిచిన చరిత్ర కూడా మనకుంది. 1901లో నవాబ్ జఫర్ జంగ్ హైదరాబాద్‌లో సొంత ఖర్చుతో వేధశాల ఏర్పాటుచేశారు. 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుంది. అదే నిజామియా వేధశాల. ఆకాశం మొత్తాన్నీ ఫోటోలు తీసి పట్టిక రాసేందుకు ప్రపంచ వేధశాలలు పంచుకున్న పనిలో, ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ హైదరాబాద్‌కు వచ్చింది. వృశ్చికంలోని అనురాధ చుక్కల్లో రెండు ఆ పట్టీలోనివే. ఆ వేధశాలలో పనిచేసిన ఉద్యోగి కొడుకే నిజాం కళాశాలలో చదివి, 1949లో తన పేరుతో పిలిచే తోకచుక్కను కనుగొన్న వేణు బప్పు.

చివరగా ఒక విన్నపం. కార్తీక పున్నమి నాడు సిద్దిపేట కోమటి చెరువు దగ్గర వెన్నెలను చూడండి. కృత్తికల కోసం మాత్రం మరో నాలుగు రోజులు ఆగండి, నిండు వెన్నెలలో అవి మసకబారతాయి. నాలుగో రాత్రి చంద్రుడు రాకముందే, దీపాల వెలుగు లేని చోటికి పిల్లలను తీసుకెళ్లి తూర్పున ఆ చిన్న గుంపును చూపించండి. ఎన్ని చుక్కలున్నాయో వాళ్లనే లెక్కపెట్టనివ్వండి. మామూలు కంటికి ఆరు దొరుకుతాయి, కుమారస్వామిని పెంచిన ఆరుగురు తల్లుల కథ అక్కడే చెప్పండి. ఏటా ఒక్క రాత్రయినా ప్రతి బడీ ఈ పని చేయాలి. రాశిఫలం చదివే ప్రతి ఇంట్లో ఆ రాశిని కళ్లారా చూసినవారు ఒక్కరైనా ఉండాలి.