ఆబ్‌ఫస్కేట్: మసిపూసి మారేడుకాయ చేయడానికి ఇంగ్లిష్ మాట

నిజామాబాద్ నుంచి ఇంకో ఎపిసోడ్, ఇంకో వర్డ్. ఇవాళ్టి మాట ఆబ్‌ఫస్కేట్. స్పెల్లింగ్ రాసుకోండి: ఓ, బి, ఎఫ్, యు, ఎస్, సి, ఎ, టి, ఇ. పలికేటప్పుడు బరువు మొదటి ముక్క మీద, 'ఆబ్' మీద పడాలి.

డిక్షనరీలో చూస్తే 'కన్‌ఫ్యూజ్ చేయడం' అని ఉంటది. కానీ అంతే అనుకుంటే వాడేటప్పుడు తప్పు పోతది. లాటిన్‌లో 'ఫస్కస్' అంటే నల్లటిది, మసకగా ఉన్నది. ఈ మాట అక్కడి నుంచే వచ్చింది. అంటే విషయానికి నలుపు పూయడం. మన దగ్గర దీనికి సరిగ్గా సరిపోయే మాట ఉంది కదా: మసిపూసి మారేడుకాయ చేయడం!

బీటెక్ వాళ్లకు ఇది ఈజీగా అర్థమైతది. ఆండ్రాయిడ్ యాప్ రిలీజ్ చేసేటప్పుడు కోడ్ ఆబ్‌ఫస్కేషన్ చేస్తాం. 'టోటల్ బిల్' అని పేరున్న ఫంక్షన్ 'ఎ' అయిపోతది, ఇంకోటి 'బి' అయితది. యాప్ మామూలుగానే నడుస్తది. కోడ్‌లో అబద్ధం ఒక్కటీ లేదు. చదివే మనిషికే ఏమీ అర్థం కాదు. పాయింట్ ఇదే: ఆబ్‌ఫస్కేట్ చేయడానికి అబద్ధం చెప్పాల్సిన పని లేదు.

ఇప్పుడు గ్రామర్. కన్‌ఫ్యూజ్ చేసేది మనిషిని. ఆబ్‌ఫస్కేట్ చేసేది విషయాన్ని. 'హీ కన్‌ఫ్యూజ్డ్ మీ' కరెక్ట్. 'హీ ఆబ్‌ఫస్కేటెడ్ మీ' అనకండి. 'హీ ఆబ్‌ఫస్కేటెడ్ ద ఇష్యూ' అనండి. ఇంకో తేడా కూడా ఉంది. కన్‌ఫ్యూజన్ తెలియక కూడా జరగొచ్చు. ఆబ్‌ఫస్కేట్ అంటే మాత్రం మామూలుగా కావాలని చేసిన పని.

మన బోధన్ నుంచే ఒక మాట తీసుకుందాం. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ మీ అందరికీ తెలుసు. దాని పక్కన కాలనీ పేరే శక్కర్‌నగర్. 2015 డిసెంబర్‌లో అక్కడ 'లే ఆఫ్' ప్రకటించారు. సాఫ్ట్‌వేర్‌లో లే ఆఫ్ అంటే ఉద్యోగం పోయినట్టే. కానీ అప్పుడు అమల్లో ఉన్న 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో అర్థం వేరే. ముడిసరుకు లేకనో, మిషన్ చెడిపోయో పని ఇవ్వలేకపోవడం లే ఆఫ్. కార్మికుని పేరు మస్టర్ రోల్‌లో ఉంటది. అర్హత ఉన్నవాళ్లకు బేసిక్, డీఏ కలిపి అందులో సగం పరిహారం రావాలి. శిక్షగా కాకుండా ఉద్యోగంలోంచి తీసేస్తే దాన్ని 'రిట్రెంచ్‌మెంట్' అంటారు. శాశ్వతంగా మూసేస్తే 'క్లోజర్'. ఒక్కో మాటకు ఒక్కో హక్కు, ఒక్కో లెక్క.

బోధన్‌లో తాత్కాలికం అనే అర్థమున్న మాటతో మొదలైన ఆగుడు ఏళ్లకేళ్లు సాగింది. ఇంట్లో ఫీజులు, కిరాయిలు కట్టేవాళ్లకు ఈ మాటల మధ్య తేడా చిన్నది కాదు.

అట్లని అర్థం కాని ప్రతి నోటీసునూ ఆబ్‌ఫస్కేషన్ అనెయ్యొద్దు. రాసినవాళ్లకే సరిగ్గా రాయడం రాకపోవచ్చు. ముందు సూటిగా అడగండి: పేరు రోల్‌లో ఉందా? జీతం ఎంత వస్తది? మళ్లీ పని ఎప్పుడు? తెలిసి కూడా జవాబు ఇవ్వకుండా పెద్ద పెద్ద మాటలతో తిప్పుతుంటే, అప్పుడు ఈ వర్డ్ తీయండి: 'ప్లీజ్ డోంట్ ఆబ్‌ఫస్కేట్ ద ఫ్యాక్ట్స్.' అంటే, అసలు సంగతిని మసకబార్చకండి అని.

ఇంటర్వ్యూలో పనికొచ్చే ఇంకో వాక్యం: 'లాంగ్ సెంటెన్సెస్ కెన్ ఆబ్‌ఫస్కేట్ ఎ సింపుల్ ఐడియా.' పొడుగు వాక్యాలు చిన్న విషయాన్ని కూడా మసక చేస్తాయి.

ఇక మీ వంతు. మీ చేతికొచ్చిన ఆఫర్ లెటరో, లోన్ పేపరో తీయండి. అందులో అసలు సంగతిని మసక చేసే లైన్ ఒకటి పట్టుకొని, దాని మీద ఈ మాటతో ఒక వాక్యం కామెంట్‌లో రాయండి. పేర్లు, నంబర్లు మాత్రం పెట్టకండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి!