అట్టలు లెక్కపెట్టకుండా ధర చెప్పగలమా?

(తిరునిన్రవూరు వార్షికోత్సవ సభలో సమాఖ్య కంప్యూటర్ ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సమాఖ్యకు సాఫ్ట్‌వేర్ ఎలా చేయించుకోవాలి, దానికి ఎంతవుతుందో ముందే ఎలా అంచనా వెయ్యాలి అన్నది ఈరోజు మా విషయం. ముందుగా మా తప్పు ఒప్పుకుంటాం. మొదటిసారి సభ్యుల పట్టిక, నూలు ఖాతా, కూలి లెక్క, చీరల అమ్మకం, చదువుల నిధి అన్నీ ఒకే కాగితం మీద రాసి ఇచ్చాం. చేసేవాళ్ళు ‘మూడు నెలలు’ అన్నారు. ఆ మూడు ఎక్కణ్ణుంచి వచ్చిందని మేం అడగలేదు. ఏడాది గడిచాక చేతికొచ్చింది సభ్యుల పట్టిక ఒక్కటే, అదీ తప్పులతో. పోయింది మీరు కట్టిన చందా. ఆ ఏడు పిల్లల చదువులకు ఇవ్వాల్సిన సాయం ఆలస్యమైంది. తప్పు చేసినవాళ్ళది మాత్రమే కాదు, చేయించిన మాది కూడా.

మన ఇంట్లో పెద్దాయన్ని ‘చీర నెయ్యడానికి ఎంతవుతుంది?’ అని అడిగి చూడండి. వెంటనే చెప్పరు. అంచు వెడల్పెంత, బుటాలెన్ని, కొంగులో ఏం పని, నూలు కౌంటెంత అని తిరిగి మనల్నే అడుగుతారు. జకార్డు మగ్గంలో మామూలుగా ఒక్కో పేకకు ఒక్కో అట్ట. డిజైన్ గీస్తే అట్టలు లెక్కకొస్తాయి, అట్టలు తేలితే ఖర్చు తేలుతుంది. డిజైనే లేకుండా ధర చెప్పేవాణ్ణి మనం నమ్మం కదా!

ఆ అట్టలకూ కంప్యూటర్‌కూ చుట్టరికం ఉంది. 1804లో ఫ్రాన్సులో జోసెఫ్ మేరీ జకార్డ్ మగ్గానికి అట్టలు కట్టాడు. 1890లో అమెరికా జనాభా లెక్కలకు హెర్మన్ హోలెరిత్ యంత్రాలూ రంధ్రాలు కొట్టిన అట్టల మీదే నడిచాయి. ఆయన కంపెనీ మరికొన్నిటితో కలిసి, తరువాత ఐబీఎం అయింది. ఆ ఐబీఎంలోనే అలన్ ఆల్‌బ్రెక్ట్ 1979లో సాఫ్ట్‌వేర్‌ను కొలిచే పద్ధతి చెప్పాడు. దాని పేరు ఫంక్షన్ పాయింట్. లోపలికి ఎన్ని ఫారాలు, బయటికి ఎన్ని రిపోర్టులు, ఎన్ని ప్రశ్నలకు జవాబు, లోపల ఎన్ని పట్టికలు, బయట ఎన్నిటితో సంబంధం, ఇవే లెక్క. మన నూలు ఖాతానే తీసుకోండి. నూలు ఇచ్చిన చీటీ, చీర తెచ్చిన చీటీ, కూలి చెల్లింపు లోపలికి. నెల ఖాతా బయటికి. ‘నా దగ్గర నూలు ఎంత మిగిలింది?’ అన్నది ప్రశ్న. ఇలా రాసుకుంటే పని కంటికి కనిపిస్తుంది.

అయినా మొదటి రోజు చెప్పే అంచనా ఒక్క అంకెగా ఉండకూడదు. ఇంకా ఏం కావాలో తేలనప్పుడు చెప్పిన లెక్క నాలుగింతలు పెరగొచ్చు, నాలుగో వంతుకు తగ్గొచ్చు అని బారీ బోమ్ 1981లోనే రాశాడు. అందుకే ‘ఇంత నుంచి ఇంత వరకు’ అని అడగండి. పని తెలిసేకొద్దీ ఆ రెండంకెలూ దగ్గరపడతాయి.

మేం లెక్కలోకి తీసుకోనిది మన పేర్లు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. తాతల కాగితాలు తెలుగులో, మనవళ్ళ సర్టిఫికెట్లు తమిళంలో, ఆధార్ ఇంగ్లీషులో. తమిళంలో ‘త’కూ ‘ద’కూ ఒకటే అక్షరం. దేవరాజు ఒకచోట దేవరాజు, ఇంకోచోట తేవరాజు. ఒకే మనిషి పట్టికలో ముగ్గురయ్యాడు. పాత వివరాలు సరిచేసే పని కోడు రాసే పనికంటే పెద్దదని మాకు డబ్బు పోయాకే తెలిసింది.

పని ఆలస్యమైందని ‘ఇంకో నలుగుర్ని పెట్టండి’ అని కూడా మేమే ఒత్తిడి చేశాం. ఐబీఎంలో పెద్ద ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్ 1975లో ‘ది మిథికల్ మ్యాన్ మంత్’ పుస్తకంలో, ఆలస్యమైన పనికి మనుషుల్ని పెంచితే ఇంకా ఆలస్యమవుతుందన్నాడు. గుంట మగ్గం మీద నేసేవాడు ఒక్కడే కూర్చోగలడు. కండెలు చుట్టడానికి నలుగురు సాయం రావచ్చు గానీ, నేతకు రాలేరు.

మనం కూడుకున్న ఈ తిరునిన్రవూరు పూసలార్ నాయనార్ ఊరు. గుడి కట్టడానికి డబ్బు దొరక్క, ఆయన మనసులోనే పునాది నుంచి శిఖరం దాకా వరుసగా కట్టి, కుంభాభిషేకానికి ముహూర్తం కూడా పెట్టుకున్నాడు. అదే రోజు కంచిలో పల్లవరాజు కట్టించిన గుడికీ ముహూర్తం. స్వామి రాజు కలలో కనిపించి, నీది వాయిదా వేసుకో అన్నాడని కథ. భక్తి మాట అటుంచితే, చేతిలో పైసా లేనివాడు కూడా రాయి రాయీ ముందే ఆలోచించుకోగలడని మేం నేర్చుకున్నాం.

కాబట్టి ఈసారి మేం అడిగేది ఇంతే. ముందుగా లెక్కపెట్టే పనికి మాత్రమే అనుమతి ఇవ్వండి. తరువాత సభ్యుల పట్టిక, ఒక్కొక్కరికి ఒక్కటే నంబరు, పేరు మూడు లిపుల్లో. అది సరిగ్గా నడిచాకే నూలు, కూలి ఖాతా. అమ్మకానికి కొత్తగా ఏదీ కట్టొద్దు, ఉన్న అంగళ్ళనే వాడుకుందాం. వివరాలు ఎప్పుడైనా మనం బయటికి తీసుకోగలిగేలా ఒప్పందంలో రాయించుకుందాం. మగ్గం కొన్నాక అచ్చు, తాళ్ళు మార్చినట్టే దీనికీ ఏటేటా ఖర్చుంటుంది, అదీ ముందే చెబుతాం. ఒక్కో మెట్టు దగ్గర అంచనా ఎంత, నిజంగా అయింది ఎంత, రెండూ మీ ముందు పెడతాం.

చెన్నైలో కంప్యూటర్ ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు ఆదివారాలు వచ్చి ఈ లెక్కలో కూర్చోవాలి. మగ్గం తెలిసిన పెద్దలు వాళ్ళ పక్కన కూర్చోవాలి. పడుగూ పేకా కలిస్తేనే గుడ్డ. పోయిన చందా తిరిగి తేలేం. పోయిన నమ్మకమైనా తిరిగి నేసుకుందాం.