తాండాకు తిరిగి రావాలంటే ముందు ఏం చూడాలి?

(సేవాలాల్ మహరాజ్ జయంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)

ఎదురుగా కూర్చున్న పిల్లల్లో చాలామందిని హాస్టల్లో తెల్లవారుజామున తిట్టి లేపినదాన్ని నేనే. కాబట్టి కాస్త చనువుగా మాట్లాడతాను.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు బెంగళూరు నుంచి మన పిల్లలు దొరికిన బండెక్కి తాండాలకు వచ్చేశారు. అప్పటినుంచి నాకు ఫోన్లు వస్తూనే ఉన్నాయి. "మేడం, ఒక గదిలో నలుగురం సర్దుకునే బదులు నాయన పేరు మీదున్న మూడెకరాల్లో ఇల్లేసుకుని, మేకలు పెట్టుకుని బతకలేమా? మళ్లీ ఏదైనా వస్తే ఊరే కదా దిక్కు?" అని. బతకొచ్చు అనో, బతకలేరు అనో ఇక్కడ నిలబడి తీర్పు చెప్పలేను. తాండాకూ తాండాకూ తేడా ఉంది. ఎలా చూసుకోవాలో మాత్రం చెబుతాను.

మన తాతముత్తాతలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు వేసుకుని దేశమంతా తిరిగినవాళ్లు. నీళ్లూ గడ్డీ ఉన్నచోటే బిడారు దిగేది. రైళ్లు, రోడ్లు వచ్చి ఆ వ్యాపారం పోయాక దొరికినచోట స్థిరపడ్డాం. దొరికింది ఎక్కువగా గుట్టల పక్క నేల. ఆ నేలకే ఇప్పుడు మీరు తిరిగొస్తామంటున్నారు.

అనంతపురంలో ఏడాదికి సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి, ఈశాన్య వానలకు తూర్పు తీరం దూరం. అయితే సగటును నమ్మి సేద్యం చెయ్యకండి. ఒక ఏడు ఆరుద్రలో విత్తిన పైరు పూతకొచ్చేసరికి నలభై రోజులు చినుకుండదు. ఇంకో ఏడు 2021 నవంబరులో చిత్రావతి పొంగినట్టు, 2022 అక్టోబరులో అనంతపురం టౌన్లో నడిమివంక ఇళ్లలోకి వచ్చినట్టు ఒక్కసారే పడుతుంది. కరువు జిల్లాలో వంకకు అడ్డంగా ఇల్లు కట్టకూడదని ఎవరికీ గుర్తుండదు. మీరు గుర్తుపెట్టుకోండి.

మొదట నీళ్లు. పండగకొచ్చినప్పుడు చూసి మురిసిపోవద్దు, సంక్రాంతికి అన్ని బావులూ బాగానే ఉంటాయి. మే నెలలో రండి. నీళ్ల సంగతి మగవాళ్లను కాదు, బిందె మోసేవాళ్లను అడగండి. ట్యాంకర్ ఎన్ని రోజులకొకసారి వస్తుందో, ఏ బోరు ఎప్పుడు ఎండిందో తారీఖుతో చెబుతారు.

మా నాయన నాలుగు బోర్లు వేయించాడు. ఒకదాంట్లో రెండేళ్లు నీళ్లొచ్చాయి. ఆ అప్పులోనే రెండెకరాలు పోయింది, నేను హాస్టల్లో చేరిందీ అప్పుడే. అందుకే ఊరికొచ్చి "ముందు బోరు వేస్తా మేడం" అన్నవాడిని చూస్తే నాకు గుండె దడ. 2002 వాల్టా చట్టం ప్రకారం బోరుకు అనుమతి కావాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు వెయ్యకూడదు. "కాలువ వస్తోంది" అనే మాటకూ పడిపోకండి. హంద్రీ-నీవా ద్వారా శ్రీశైలం నీళ్లు జీడిపల్లి దాకా వచ్చిన మాట నిజమే. మీ సేనుకు పిల్లకాలువ తవ్వారా అన్నది వేరే ప్రశ్న. తాగే నీళ్లను ప్రభుత్వ ల్యాబులో పరీక్ష చేయించండి. ఫ్లోరైడ్ లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు పిల్లల పళ్లనూ, తర్వాత ఎముకలనూ తినేస్తాయి.

ఇప్పుడు ఒక లెక్క చెప్తా, టీచర్ ట్రైనింగ్ బుద్ధి ఎక్కడికి పోతుంది! చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఇరవై అడుగులకు ఇరవై అడుగుల మిద్దె అంటే దాదాపు 37 చదరపు మీటర్లు. 550తో గుణిస్తే 20 వేల లీటర్లు. కారిపోయింది, ఆవిరైంది తీసేసినా 15 వేలు. ఐదుగురికి తాగడానికి, వంటకు రోజుకు 40 లీటర్లు అనుకుంటే డిసెంబరు నుంచి మే దాకా ఆరు నెలలకు 7,200 లీటర్లు. ఎనిమిది వేల లీటర్ల తొట్టి, మూత గట్టిగా ఉంటే చాలు. ఒక ఎండిన బోరు ఖర్చులో అయిపోతుంది.

తర్వాత నేల. గడ్డపార తీసుకుని మోకాలి లోతు తవ్వండి. మన ఎర్రనేలల్లో చాలాచోట్ల అంతలోనే గరుసు తగులుతుంది. అక్కడ చెట్లు వేస్తామని కలలు కనొద్దు. తాడిపత్రి, ఉరవకొండ వైపు నల్లరేగడి వేరే సంగతి.

ఏళ్ల తరబడి మనమంతా బుడ్డలనే నమ్ముకున్నాం. ధర పడితే బుడ్డలు ఎన్నని తింటాం? మనిషికి ఏడాదికి దాదాపు ఒకటిన్నర క్వింటా గింజలు కావాలి. రేషన్‌లో నెలకు ఐదు కిలోలు, అంటే 60 కిలోలు వస్తాయి. మిగతాది కొర్రలు, సద్దలు, కందులు, ఉలవలు కలిపి వేసుకుంటే వాన తప్పినా ఏదో ఒకటి చేతికొస్తుంది. పొట్టుతో ఉన్న కొర్రలు పురుగు పట్టకుండా ఏళ్లు నిలుస్తాయి. విత్తనం కొనేముందు తీజ్ గుర్తుచేసుకోండి. మన ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లి తొమ్మిది రోజులు నీళ్లు పోసి మొలకలు పెంచుతారు కదా? అలాగే నూరు గింజలు తడిగుడ్డలో కట్టి లెక్కపెట్టండి. 70 కూడా మొలవకపోతే ఆ విత్తనం వద్దు.

కాగితాల విషయంలో ఒక అపోహ ఉంది. "మనం ఎస్టీలం, 1/70 చట్టం ఉంది, మన భూమిని ఎవరూ కొనలేరు" అంటారు. అది షెడ్యూల్డ్ ఏరియాల చట్టం. మన జిల్లాలో షెడ్యూల్డ్ ఏరియానే లేదు. పట్టా భూమి పోతే పోయినట్టే. డి-పట్టా అయితే ఎవరి పేరున, ఏ సర్వే నంబరులో ఉందో అడంగల్, 1బి తీసి చూడండి. తాత పేరు మీదే ఆగిపోయి ఉంటే ఇల్లు కట్టకముందే పేర్లు మార్పించుకోండి. అన్నదమ్ములుంటే అక్కచెల్లెళ్లనూ పిలిచి మాట్లాడండి. ఆడపిల్లకు వాటా ఎందుకని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి.

చివరిది, రాత్రి రెండు గంటలప్పుడు. పాము కరిస్తే విరుగుడు మందున్న ఆసుపత్రి ఎంత దూరం? 108 తాండా దాకా వస్తుందా, రోడ్డు దగ్గరే ఆగుతుందా? ఆ టైంలో తలుపు కొడితే బండి తీసే ఇళ్లు ఎన్ని? మూడు ఇళ్లయినా లెక్కకు రాకపోతే మీ దగ్గర ఎన్ని మూటల ధాన్యమున్నా ఆ ఊళ్లో మీరు ఒంటరే. కాబట్టి ఒక్కరే రావద్దు, ముగ్గురు నలుగురు కలిసి రండి. ఉద్యోగం మానేసి కూడా వద్దు. ముందు ఒక ఎకరాలో రెండు ముంగార్లు చూడండి.

ఈ వేసవి సెలవుల్లో, మే రెండో ఆదివారం, మా తాండాలో బావులన్నిటికీ తాడేసి లోతు కొలుస్తాం. రావాలనుకునేవాళ్లు నోటుబుక్కు, గడ్డపార, టోపీ తెచ్చుకోండి. అన్నం నేను పెడతాను. జై సేవాలాల్!