చేతులే కాళ్లయిన చోట



మా మనవరాలు జిమ్నాస్టిక్స్ నేర్చుకుంటోంది. "చేతులు కర్రల్లా పెడతావేమ్మా? లేపాక్షి నాట్యమండపంలో శిల్పాలు చూడు, టీవీలో బ్యాలే చూడు, ఎంత ఒంపుగా ఉంటాయో!" అని కోప్పడ్డాను. పాపం, నా మాట విని, తలకిందులుగా నిలిచేటప్పుడు మోచేతులు వంచి పడింది. మణికట్టు బెణికింది.

అప్పుడు తెలుసుకున్నాను. బ్యాలేలో భుజాలు దించి, చేతులు గుండ్రంగా పట్టాలి. అవి భావం చెప్పాలి. తలకిందులుగా నిలిచినప్పుడు చేతులే కాళ్లు. మోచేతులు బిగించి, భుజాలు చెవులదాకా నెట్టి, ఒంటి బరువంతా మోయాలి. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో వాల్ట్ కాంస్యం తెచ్చిన మన హైదరాబాదు అరుణారెడ్డి విద్య ఇదే.

తెలియని విద్యలో సలహా ఇవ్వరాదని డెబ్బై రెండో ఏట నేర్చుకున్నాను. మనవరాలికి క్షమాపణ చెప్పుకున్నాను. సెలవు.