విమానపు ఇంజనుకు శుశ్రూష



పొలమునందు ఆయిలింజను ఆగినచో మడికి నీరు ఆగును; రైతు మరమ్మతు తెలిసినవానికి కబురంపును. చిన్న విమానమునకు తరచుగా నొక్కటే యింజను. అది ఆకాశమున ఆగినంతమాత్రమున విమానము రాయివలె పడదు, రెక్కల యాధారమున జారుచు దిగును. కాని దిగుటకు చదునైన చోటు దొరకవలెను గదా! కావున దాని రోగమును నేలమీదనే కనిపెట్టవలెను.

1903లో రైటు సోదరులు ఎగిరిన విమానమునకు ఇంజను చేసినవాడు వారి సైకిళ్ల దుకాణములోని పనివాడగు చార్లెస్ టెయిలర్. దాని బలము సుమారు 12 గుర్రములు. నేడు శిక్షణకు వాడు సెస్నా 172 విమానములలో అనేకములకు అమెరికాలోని లైకమింగు కంపెనీవారి ఓ-320 ఇంజను కలదు. దానికి నాలుగు సిలిండర్లు. ఒక్కొక్కదానికి రెండేసి ప్లగ్గులు. నిప్పురవ్వ పుట్టించు మాగ్నెటోలును రెండు. ఒకటి చెడినను రెండవది నడుపును. ఎగురుటకు ముందు వైమానికుడు వీనిని విడివిడిగా పరీక్షించును.

మెకానిక్కు చేయు పని వైద్యుని పనివంటిది. సుమారు 50 గంటల ప్రయాణమునకు ఒకసారి నూనె మార్చి, నూనె వడపోయు డబ్బాను కోసి చూచును. అందు లోహపు రజను మెరసినచో లోపల నేదియో అరుగుచున్నదని యెరుగును. సిలిండరులోనికి 80 పౌనుల ఒత్తిడితో గాలి పంపి, ఎంత నిలుచునో కొలుచును. గాలి పొగగొట్టమునుండి బుసకొట్టినచో కవాటము సరిగా మూతపడుట లేదని యర్థము.

ఈ యింజనును సాధారణముగా 2000 గంటలకు గాని 12 సంవత్సరములకు గాని, ఏది ముందు వచ్చిన నప్పుడు, పూర్తిగా విప్పవలెనని తయారుచేసినవారు చెప్పుదురు. ఎగురని యింజనుకు సంవత్సరముల లెక్క యేల యని మీరడుగవచ్చును. ఇందే రహస్యమున్నది. కవాటములను కదలించు కామ్‌షాఫ్టు ఈ యింజనులో పైభాగమున నుండును. ఇంజను ఊరకయున్నచో దానిపైనున్న నూనె క్రిందికి జారును. గాలిలోని తేమ త్రుప్పు పట్టించును. ఆ త్రుప్పే పిదప లోహమును తినివేయును. నేలమీద కొలదిసేపు తిప్పి ఆపుట మందు కాదు. నూనె చాలినంత వేడెక్కక లోని తేమ ఆవిరిగా పోదు, మరింత చేరును. గంటసేపు ఎగురుటయే మేలు. పనికన్న పనిలేమియే దీనికి శత్రువు.

నేను వ్యాకరణము చెప్పినవాడను; సమాసమును విప్పి పదము పదమును పరీక్షించుట నాకు పరిచితము. ఇంజను విప్పువారును అట్లే చేయుదురు. క్రాంక్‌షాఫ్టును అయస్కాంతముగా మార్చి, ఇనుపరజను కలిపిన ద్రవము పోయుదురు. కంటికి కానరాని బీటచెంత రజను గీతగా నిలుచును. బేరింగులను, పిస్టను రింగులను క్రొత్తవి వేయుదురు. ప్రతి కొలతయు అంగుళములో వేయవవంతు వరకు చూతురు.

పని ముగిసిన పిదప చేసినదంతయు పుస్తకమున వ్రాసి సంతకము చేయవలెను. చూడనిది చూచితినని వ్రాసినవాడు నేలమీదనే యుండును. దానిని నమ్మినవాడు ఆకాశమున నుండును. ఏ విద్యకైనను సత్యమైన వ్రాతయే ఆధారమని మనవి చేసి విరమించుచున్నాను.